మంచం పట్టిన రోజు కూలి

నాబోటి గుమాస్తా జ్వరం వస్తే సెలవు చీటీ పంపి, ముసుగుతన్ని పడుకుంటాడు. 1948 చట్టంతో పుట్టిన ఈ.ఎస్.ఐ.లో చేరిన ఫ్యాక్టరీ కార్మికునికైతే, జబ్బు సెలవుకు యేడాదిలో 91 రోజుల వరకు కూలిలో నూటికి 70 వంతులు ముడుతుంది. మరి సొంత మిషను పెట్టుకున్న దర్జీ మాటేమిటి?

నిరుడు యానాంలో మా వీధి దర్జీకి కామెర్లు వచ్చాయి. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ కార్డు వున్న కుటుంబానికి, ఆసుపత్రిలో చేరితే యేడాదికి 5 లక్షల వరకు ఖర్చు గడుస్తుంది. మంచిదే. కాని మూసిన కొట్టుకు అద్దె, ఇంట్లోకి బియ్యం ఆ కార్డు తేదు గదా! పాపం, పూర్తిగా కోలుకోకుండానే మిషను తొక్కాడు, జబ్బు తిరగబెట్టింది.

ఇప్పుడాయన భార్య ప్రతి కుట్టుకూలిలోంచి పది రూపాయలు వేరే డబ్బాలో వేస్తున్నది. పండుగ వచ్చినా ఆ మూత తీయదట. రావలసిన బాకీల పుస్తకం కూడా తన దగ్గరే వుంచుకున్నది.

ఆ పుస్తకంలో నా పేరూ వున్నది. అప్పుడు చూడబోయి బత్తాయిలిచ్చి వచ్చానేగాని, రెండు చొక్కాల కుట్టుకూలి ఇవ్వనే లేదు. చదువరులారా, రోగిని చూడబోయేటప్పుడు పళ్ళకంటే ముందు బాకీ పట్టుకెళ్దాం.