దగ్గు ఆగితే గండం గడిచినట్టు కాదు

పిల్లలకు పొలమారగానే మాడు మీద తట్టి, "ఎవరో తలచుకుంటున్నారు" అంటాం. నీళ్ళు పొలమారితే అది చాలు. నోటిలో పలుకో పిక్కో ఉండగా పొలమారితే మాత్రం ఆ మాటతో సరిపెట్టుకోకూడదని మా అభిప్రాయం.

పలాస వైపు ఇళ్ళలో జీడిపప్పు, పల్లెల్లో వేరుశనగ, వామనగుంటల చింతపిక్కలు, సీతాఫలం గింజలు పసిపిల్లల చేతికి ఇట్టే అందుతాయి. వారికి నమిలే పళ్ళు పూర్తిగా వచ్చి ఉండవు. ఏడుస్తూనో నవ్వుతూనో గాలి పీల్చినప్పుడు గింజ ఊపిరిగొట్టంలోకి జారుతుంది.

మొదట ఉక్కిరిబిక్కిరి చేసే దగ్గు వస్తుంది. గింజ లోపలికి జారి కుదురుకుంటే దగ్గు తగ్గుతుంది, బిడ్డ ఆడుకుంటాడు. "మింగేశాడులే" అని అందరూ మరచిపోతారు. మోసం ఇక్కడే ఉంది. వేరుశనగ పలుకు తడికి ఉబ్బుతుంది, చుట్టూ వాపు వస్తుంది. రోజులకో వారాలకో దగ్గు, పిల్లికూతలు, జ్వరం మొదలవుతాయి. మందులకు తగ్గి, మళ్ళీ అదే వైపు నెమ్ము చేస్తుంది. ఉబ్బసమనుకొని నెలలు గడిపేవారూ ఉన్నారు.

గింజలు సాధారణంగా ఎక్స్‌రేలో కనబడవు. కొందరికి ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది. కాబట్టి "ఆ రోజు పొలమారింది డాక్టరుగారూ" అన్న తల్లి మాట ఎంతో విలువైనది. ఇంట్లో తిడతారని చాలామంది తల్లులు ఆ మాట దాస్తారు. అత్తమామలారా, ఆ భయం పోగొట్టవలసింది మీరే. తల్లి చెప్పకపోయినా అడగడం వైద్యుల బాధ్యత. అనుమానం ఉంటే బ్రాంకోస్కోపీ చేసే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. జర్మనీలో గుస్టావ్ కిలియాన్ 1897లోనే ఒక రైతు ఊపిరిగొట్టం నుంచి ఎముకను గొట్టం ద్వారా తీశాడు. నేడు విశాఖ దూరమని వాయిదా వేయడం తగదు.

బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. నోట్లో వేలు పెట్టి వెదకవద్దు, అరటిపండు, అన్నం ముద్ద మింగించవద్దు. దగ్గు, ఏడుపు రాక పెదవులు నీలంగా మారితే వెంటనే సాయం చేయాలి. ఏడాది లోపు బిడ్డను తల కిందికి ఉండేలా బోర్లా పట్టుకొని వీపు మీద 5 సార్లు చరచండి, తర్వాత వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్య 5 సార్లు నొక్కండి. ఏడాది దాటితే వీపు మీద 5 చరుపులు, తర్వాత వెనుక నుంచి పట్టుకొని బొడ్డుకు పైన లోపలికి, పైకి 5 నొక్కులు. అడ్డు తొలగేవరకు మార్చి మార్చి చేయండి. మరొకరు 108కి ఫోను చేయాలి. స్పృహ తప్పితే గుండె మీద నొక్కుతూ శ్వాస ఇవ్వడం మొదలుపెట్టాలి.

నాలుగేళ్ళు నిండేవరకు గింజలు పొడి చేసి పెట్టండి. పొలమారిన రోజును గుర్తుంచుకోండి, అడగకపోయినా చెప్పండి.