దవాఖానాకు సిఫార్సు లెటర్ ఎందుకు?

వికారాబాద్ జిల్లా కోట్‌పల్లిలో పెద్ద రోగమొస్తే వికారాబాద్, అక్కడా కాదంటే హైదరాబాద్. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. చాలా కుటుంబాలను అది అప్పుల పాలు కాకుండా కాపాడింది. ఆ పథకంలో లేని చికిత్సకే అసలు కష్టం. హైదరాబాద్ నిమ్స్ ఆస్పత్రిలో మనిషిని మంచం మీద ఉంచి, ఎస్టిమేషన్ కాగితం పట్టుకొని ఇంటివాళ్లు ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసుకు పరుగెత్తాలి. ఆయన లెటర్ ఇస్తేనే ముఖ్యమంత్రి సహాయనిధి ఎల్ఓసీ (చికిత్స ఖర్చుకు ఆస్పత్రికిచ్చే హామీ పత్రం) కోసం ఫైలు కదులుతుంది.

ఇలాంటి కాగితం ఐర్లండ్ పేదలకూ తెలుసు. మహా కరవు తర్వాత, 1851 చట్టం దేశాన్ని డిస్పెన్సరీ ప్రాంతాలుగా విడదీసి, జీతంమీద డాక్టర్లను పెట్టింది. పేదలకు వైద్యం ఉచితం. అయితే చేతిలో టికెట్ ఉండాలి: డిస్పెన్సరీకి వెళ్లాలంటే నల్లది, డాక్టరే ఇంటికి రావాలంటే ఎర్రది. వాటిని రాసిచ్చేది డాక్టరు కాదు, పేదల సాయం చూసే స్థానిక బోర్డు సభ్యులు, వార్డెన్లు. అర్ధరాత్రి జ్వరం ముదిరినా ముందు తట్టాల్సింది వాళ్ల తలుపే. ఆ డిస్పెన్సరీ వ్యవస్థ 1972 దాకా బతికింది!

ఇంగ్లండ్‌లో ఇంకో శిక్ష ఉండేది. పేదల చట్టం కింద మందు పుచ్చుకున్నవాడికి ఓటు పోయేది. 1884లో పల్లె కూలీలకు ఓటు వచ్చాక ఈ అన్యాయం కొట్టొచ్చినట్టు కనబడింది. మరుసటి ఏడాదే పార్లమెంటు దాన్ని తొలగించింది.

ఇక మన వైపు చూస్తే, మద్రాసు రాజధానిలో 1884 లోకల్ బోర్డుల చట్టం స్థానిక పన్నుల డబ్బుతో డిస్పెన్సరీలు నడిపే పని బోర్డులకు అప్పగించింది. కోట్‌పల్లి మాత్రం అప్పట్లో నిజాం ఇలాకాలో ఉండేది. అక్కడ 1866లో హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి వచ్చింది, 1874లో తాండూరు, వికారాబాద్‌ల మీదుగా రైలూ వచ్చింది. ఏది వచ్చినా సర్కారు దయవల్లే.

ఆ దయ అలవాటు పోవాలి. సహాయనిధి సొమ్ము ప్రజలది. చెక్కు అందుకుంటూ నాయకుడి పక్కన ఫొటోకు నిలబడే ఆడమనిషి ఎవరికీ రుణపడి లేదు. ఇందులో తప్పు ఒక్క ఎమ్మెల్యేదో, ఒక్క పార్టీదో కాదు. ఏ ప్రభుత్వమొచ్చినా పద్ధతి ఇదే.

రోగం సంగతి డాక్టరుకు తెలుసు, ఖర్చు సంగతి ఆస్పత్రికి తెలుసు. ఆరోగ్యశ్రీ రోగుల కోసం ఆరోగ్యమిత్ర కౌంటర్ ఎలాగూ ఉంది. సూపరింటెండెంట్ సంతకంతో ఎల్ఓసీ దరఖాస్తు ఆ కౌంటర్ నుంచే సచివాలయానికి వెళ్లాలి. సిఫార్సు లెటర్ నిబంధనను ప్రభుత్వం ఒక్క జీవోతో తీసేయాలి.