టపా సొమ్ముతో నడిచిన పొగ ఓడ

ఆవిరి ఓడ తెరచాప ఓడను బహిరంగ పోటీలో, సొంత సత్తాతో గెలిచిందట. బడి పాఠాల్లోనూ ఇదే మాట, వ్యాపార పత్రికల్లోనూ ఇదే మాట. వినడానికి బాగానే ఉంటుంది. జమాఖర్చులు విప్పితేనే పేచీ.

1840 జులై 4న కునార్డ్ కంపెనీ వారి ఆవిరి ఓడ బ్రిటానియా లివర్‌పూల్ రేవు విడిచింది. బొగ్గుకే 640 టన్నుల చోటు పోగా సరుకుకు మిగిలింది 225 టన్నులు. కడుపు నిండా బొగ్గు మోసుకునే ఓడ కిరాయి డబ్బులతో బతుకుతుందా? దాన్ని బతికించింది టపా. ఉత్తరాలు చేరవేసినందుకు బ్రిటిష్ ప్రభుత్వం ఆ కంపెనీకి ఏటా 60 వేల పౌన్లు ముట్టజెప్పేది. కట్టినవాళ్లు జనం, పేరు కునార్డ్‌ది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు.

అంతకు రెండేళ్ల ముందే బ్రునెల్ కట్టిన గ్రేట్ వెస్టర్న్ అట్లాంటిక్ దాటి చూపించింది. టపా ఒప్పందం మాత్రం ఆ ఓడను నడిపిన కంపెనీకి దక్కలేదు. 1846లో దాని రెండో ఓడ గ్రేట్ బ్రిటన్ ఐర్లండ్ తీరాన మెట్టెక్కింది. మరుసటి ఏడు మొదటి ఓడనూ అమ్ముకోవాల్సి వచ్చింది. ప్రమాదమే ముంచిందంటారు. మరి కునార్డ్ ఓడ కొలంబియా 1843లో రాళ్లకు కొట్టుకుని పోయింది కదా, ఆ కంపెనీకేం కాలేదే! అమెరికాలో కాలిన్స్ కంపెనీ సంగతీ అంతే: సర్కారు సొమ్ము తగ్గింది, 1858కల్లా మూతపడింది.

ఆల్‌ఫ్రెడ్ హోల్ట్ టపా సొమ్ము లేకుండానే చైనాకు స్టీమర్లు నడిపాడని ఎదురు చెబుతారు. నిజమే, నడిపాడు, అదీ లాభానికి. కానీ అది 1866. బొగ్గు తక్కువ తినే ఇంజన్లు వచ్చాక మాట. అప్పటిదాకా పాతికేళ్లు పొగ ఓడకు ఎవరు తిండి పెట్టారు?

మన తీరానికి వద్దాం. మెకిన్నన్ 1856లో కలకత్తా, రంగూన్‌ల మధ్య టపా ఒప్పందంతో మొదలెట్టిన వ్యాపారమే తర్వాత బ్రిటిష్ ఇండియా కంపెనీ అయింది. కాకినాడలో, విశాఖలో మనవాళ్లు స్టీమరెక్కి రంగం (రంగూన్) వెళ్లింది ఈ కంపెనీ ఓడల్లోనే. 1906లో వి.ఓ. చిదంబరం పిళ్లై తూత్తుకుడి నుంచి కొలంబోకు స్వదేశీ ఓడలు నడిపాడు. ప్రయాణికులు అటు మళ్లారు. ఏళ్ల తరబడి టపా సొమ్ము తిన్న బ్రిటిష్ ఇండియా కంపెనీ నష్టానికైనా సరేనని టికెట్ ధర తెగ్గోసింది. అదీ చాలక 1908లో సర్కారు పిళ్లైపై రాజద్రోహం మోపింది. కోయంబత్తూరు జైల్లో ఆయన చేత గానుగ లాగించారు.