పుదుచ్చేరి వీధికి బురద టైర్లెందుకు?

2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. ఇరవై నాలుగు గంటల్లో 48 సెంటీమీటర్ల వాన. కృష్ణానగర్‌లో ఇళ్ళల్లో చిక్కుకున్నవాళ్ళను సైన్యం వచ్చి పడవల్లో బయటికి తెచ్చింది. నీళ్ళు తీశాక ఒక మాట మాత్రం ఊళ్ళో ఉండిపోయింది: బండికి పెద్ద టైర్లుంటే చాలు, ఎంత నీళ్ళైనా దాటేయొచ్చని. యానాం నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్న మా అన్నయ్య కొడుకు కూడా తన థార్ జీపుకి ఆఫ్ రోడ్ టైర్లు వేయిస్తానంటున్నాడు. "నీళ్ళొస్తే బండి ఆగిపోకూడదు కదా బాబాయ్" అన్నాడు. వాడి భయం నిజమైనదే. టైర్ల షాపు ఆ భయానికి ఇస్తున్న మందు మాత్రం పనిచేయదు.

లెక్క వేసి చూడండి. థార్‌కి కంపెనీ వేసి ఇచ్చే టైర్లలో ఒకటి 255/65 ఆర్ 18. ఎత్తు 789 మిల్లీమీటర్లు. దాన్ని తీసి 285/65 వేస్తే 828. తేడా 39. ఇరుసు చక్రానికి నడిమధ్యన ఉంటుంది కాబట్టి బండి లేచేది అందులో సగమే. అంటే బొటనవేలి వెడల్పు. వేల రూపాయలు పోసి కొన్న ఎత్తంతా అదే!

థార్ 650 మిల్లీమీటర్ల లోతు నీళ్ళలో నడుస్తుందని కంపెనీ చెబుతుంది. ఆ లోతు ప్రధానంగా ఇంజన్ గాలి పీల్చుకునే గొట్టం నోరు ఎంత ఎత్తులో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ నోట్లోకి నీళ్ళు వెళ్ళాయంటే సిలిండర్ నిండుతుంది. గాలిని నొక్కినట్టు పిస్టన్ నీటిని నొక్కలేదు. లోపల రాడ్ వంగిపోతుంది. ఇంజన్‌కి విడిగా రక్షణ తీసుకోకపోతే మామూలు బీమా పాలసీ చాలాసార్లు ఆ ఖర్చు ఇవ్వదు. పైగా ఇదంతా నిలవ నీటి సంగతి. పారే నీరైతే రెండడుగుల లోతు చాలు, ఎస్‌యూవీలనూ ట్రక్కులనూ కొట్టుకుపోగలదని అమెరికా వాతావరణ శాఖ ఏళ్ళ తరబడి హెచ్చరిస్తోంది. నీటికి తేలే బండిని పట్టి ఉంచే శక్తి ఏ టైరుకీ లేదు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది వేరే ఉంది. మోకాలిలోతు నీళ్ళున్న వీధిలోకి ఎత్తైన బండి ధైర్యంగా దిగినప్పుడు దాని ముందు అల లేస్తుంది. ఆ అల అరుగు ఎక్కి, గడప దాటి ఇంట్లోకి వెళుతుంది. అప్పటిదాకా మెట్టు దగ్గరే ఆగిన నీళ్ళు మంచం కిందికి చేరతాయి. బండి మలుపు తిరిగి వెళ్ళిపోతుంది, చీపురు పట్టుకున్న ఇల్లాలు అక్కడే మిగిలిపోతుంది. దాటేశానని బండాయన చెప్పుకునే ఘనతకు ఖర్చు ఆమె భరిస్తోంది.

సరే, తుఫాను ఏడాదికి ఒకటో రెండో రోజులు. మిగతా రోజుల్లో ఆ టైర్లు ఏం చేస్తాయి? మడ్ టెర్రైన్ రకం టైరుకు పెద్ద పెద్ద రబ్బరు గడ్డలు, వాటి మధ్య లోతైన ఖాళీలు ఉంటాయి. బురదను తవ్వి విసిరెయ్యడానికి అవి కావాలి. తడిసిన తారు మీద మాత్రం రోడ్డును అంటిపెట్టుకునే రబ్బరు తక్కువవుతుంది, బండి జారుతుంది. చక్రం పెద్దదీ బరువైనదీ అయ్యాక అవే బ్రేకులు ఎక్కువ శ్రమపడాలి. వ్యాసం దాదాపు 5 శాతం పెరిగింది కాబట్టి మీటరు 80 చూపించేటప్పుడు బండి 84కి దగ్గర్లో పరుగెడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో తడిసే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ఈ మార్పుల్లో ఏదీ చిన్నది కాదు.

ఇక మిషన్ వీధి, నెహ్రూ వీధి. అక్కడ స్కూటర్లదీ సైకిళ్ళదీ రాజ్యం. ఆదివారం ఎంజీ రోడ్డు సంతలో నడిచేవాళ్ళ భుజాలే ఒకదానికొకటి తగులుతాయి. స్పేసర్లు వేసి మడ్‌గార్డు దాటి బయటికి తెచ్చిన చక్రం పక్కన వెళ్ళే స్కూటర్ మీదికి రాళ్ళూ బురదా చిమ్ముతుంది. బండిని పైకి లేపే లిఫ్ట్ కిట్ కూడా వేశారంటే బానెట్ ముందు నిలబడ్డ పిల్లవాడు డ్రైవరుకు కనబడడు. పెద్ద టైరు సేఫ్టీ అనేవాళ్ళను అడుగుతున్నాను: ఎవరి సేఫ్టీ?

చట్టం కూడా వాళ్ళ పక్షాన లేదు. తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే ఖాయం చేసింది. ఆ ఏడాదే వచ్చిన సవరణ, యజమాని చేసిన ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పెట్టింది.

ఆ టైర్లను నేను ద్వేషించడం లేదు. మారేడుమిల్లి అడవిలో వాన పడ్డాక ఎర్రమట్టి దారిలో రోజూ తిరిగేవాడికి అవి అన్నం పెట్టే పనిముట్లు. అలాంటివాడు కూడా కంపెనీ అనుమతించిన సైజులోనే ఎంచుకోవాలి. ఇక ఇసుకలో దిగబడ్డప్పుడు ఎక్కువగా ఆదుకునేది టైరులో గాలి తగ్గించడమని ఇసుక దారులు తెలిసినవాళ్ళే చెబుతారు. దానికి గేజీ చాలు.

మావాడికి రెండు మాటలు చెప్పాను. టైర్లు అరిగితే అదే సైజులో కొత్తవి వేయించుకో. తుఫాను హెచ్చరిక రాగానే బండిని మిట్టమీద పెట్టి ఇంటికి నడిచి రా. "అయితే మన వీధిలో నీళ్ళ సంగతేంటి బాబాయ్?" అన్నాడు. అడగవలసిన ప్రశ్న అదే. ఉప్పార్ కాలువలో పూడిక ఎప్పుడు తీస్తారు, రెయిన్‌బో నగర్ నీళ్ళు సముద్రానికి ఏ దారిన పోవాలి అని వీధి మొత్తం కలిసి అడగాలి. ఎత్తు బండి కొనుక్కున్నవాడు ఆ గుంపులోంచి తప్పుకుంటున్నాడు. వచ్చే సోమవారం అర్జీ పట్టుకుని నేను మునిసిపల్ ఆఫీసుకు వెళుతున్నాను. వాడూ సెలవు పెట్టాడు.