జేబులో నాలుగు కత్తులు ఎందుకంటే

పై వీడియోలో బత్తాయి అంటు కడుతూ నేను మూడుసార్లు కత్తి మార్చాను. చూసినవాళ్లు అంటు సంగతి వదిలేసి "అన్నా, ఒక్క మనిషికి ఇన్ని కత్తులెందుకే?" అని అడుగుతున్నారు. మా ఊళ్లో అయితే నాకు కత్తి కాంతారావు అని పేరు పెట్టి చాలా ఏళ్లయింది. ఆయనా మా ఉమ్మడి నల్గొండ మనిషే కాబట్టి నాకేం బాధ లేదు.

కత్తుల పిచ్చి నాకుంది, ముందే ఒప్పుకుంటా. ఇంట్లో రేకు పెట్టెలో ఇంకో పది ఉన్నాయి. వాటి గురించి మా ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు. కానీ రోజూ పొలానికి నాతో వచ్చే నాలుగింటికి మాత్రం ఉంది.

మొదటిది అంటు కత్తి. దీనికి పదును ఒకవైపే ఉంటుంది, రెండోవైపు చదును. అందుకే కోత అద్దంలా వస్తుంది. బెరడుకూ కట్టెకూ మధ్య ఉండే పచ్చటి పొర, ఇటుదీ అటుదీ సరిగ్గా ఆనితేనే కన్ను అతుక్కుంటుంది. కోత నలిగితే అంటు ఎండిపోతుంది. ఈ కత్తితో ఆరోగ్యంగా ఉన్న కొమ్మ తప్ప వేరేది ముట్టుకోను. రెండోది కొక్కెంలా వంగిన కత్తి, మా కమ్మరి దగ్గర లారీ కమాన్ పట్టీతో చేయించా. పిడికి ఎర్ర టేపు చుట్టి ఉంటుంది చూడండి, అది రోగం ఉన్న కొమ్మలకే. మూడోది మొరటు పనులకు: డ్రిప్ పైపు, సుతిలి, పిండి బస్తా. మట్టి పట్టిన పైపును ఒక్కసారి కోసినా అంచు పోతుంది, ఆ పని అంటు కత్తితో చేస్తే దాని పని అయిపోయినట్టే. నాలుగోది మడిచే చిన్న చాకు, జామకాయ కోసుకోవడానికి. పెళ్లికి పోయినా అది జేబులో ఉంటుందని ఇంట్లో గొడవ.

మూడు, నాలుగు నా సరదా అనుకోండి, వాదించను. మొదటి రెండు మాత్రం వేరుగా ఉండి తీరాలని నేను నష్టపోయి నేర్చుకున్నా.

నాలుగేళ్ల కింద, వానాకాలం. మా పాత నిమ్మచెట్లు మూడింటికి గజ్జి తెగులు. పొద్దున ఆ కొమ్మలు కత్తిరించాను. సాయంత్రం అదే కత్తితో పక్క మడిలో కొత్తగా పెట్టిన అరవై మొక్కలకు కింది చిగుళ్లు తీశాను. మధ్యలో కత్తిని గోమూత్రంలో ముంచి గుడ్డతో తుడిచా. అంతే చాలని నమ్మాను. నాకు అలాగే చెప్పారు, నేనూ పదిమందికి అలాగే చెప్పాను. కొన్ని వారాలకు మొక్కల మీద మచ్చలు వచ్చాయి. గజ్జి గాలివానకూ పాకుతుంది, ఆకు తొలిచే పురుగు చేసిన గాయాల్లోంచీ దిగుతుంది, నిజమే. కానీ నా మొక్కల్లో మచ్చలు నేను గాటు పెట్టిన చోటే మొదలయ్యాయి. ఇరవై రెండు మొక్కలు పీకి కాల్చేశా.

రసాయన సేద్యం చేసే పక్క రైతు అయితే కాపర్ ఆక్సీక్లోరైడ్ కొట్టి కొంతైనా ఆపుకుంటాడు. మనం ఆ దారి వద్దనుకున్నవాళ్లం. పుల్లటి మజ్జిగ, కషాయం నేనూ కొడతాను, కానీ గాటులోంచి లోపలికి దిగిన గజ్జిని అవి బయటికి లాగడం నేను చూడలేదు. మరి రోగం రాకుండా చూసుకోవడంలో మనం వాళ్లకంటే నాలుగు రెట్లు జాగ్రత్తగా ఉండాలి కదా? విత్తనానికి బీజామృతం పట్టిస్తాం, భూమికి జీవామృతం పోస్తాం, చేతిలో కత్తి సంగతి మాత్రం అడగం.

ఇక్కడ కొందరికి కోపం వస్తుంది, రానీయండి. కత్తి శుద్ధికి గోమూత్రం మీద నాకు నమ్మకం పోయింది. ఇప్పుడు నేను వాడేది బట్టలకు వాడే క్లోరిన్ బ్లీచ్: ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు, ఏ రోజుకారోజు కొత్తగా కలుపుతా. ప్రకృతి వ్యవసాయంలో బ్లీచ్ ఏంటి అంటారేమో. అది డబ్బాలో ఉంటుంది, చేలో పోయను. గజ్జి లాంటి బ్యాక్టీరియాకు స్పిరిట్ కూడా పనిచేస్తుంది. కానీ బత్తాయిలో ఎక్సోకార్టిస్ అనే వైరాయిడ్ ఒకటుంది, అది కత్తి మీద ఎక్కి చెట్టు నుంచి చెట్టుకు పోతుంది. దానికి స్పిరిట్ లెక్కలేదు, మంట మీద కాల్చినా నమ్మకం లేదు, బ్లీచే కావాలి. మనం అంటుకు వాడే రంగపూర్ నిమ్మ వేరుమొక్కకు అది సోకితే బెరడు పొలుసులు లేచి చెట్టు గిడసబారుతుంది. అదీ నాటిన కొన్నేళ్లకు గానీ బయటపడదు, అప్పటికి ఏ కత్తి వల్ల వచ్చిందో ఎవరికి గుర్తుంటుంది?

ఒక్క జాగ్రత్త. గోమూత్రం తగిలిన కత్తిని కడగకుండా బ్లీచ్‌లో ముంచకండి. రెండూ కలిస్తే ఊపిరి ఆడనివ్వని విషవాయువు వస్తుంది. బ్లీచ్‌కు కార్బన్ స్టీలు తొందరగా తుప్పు పడుతుంది కూడా. తీశాక మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, చుక్క కొబ్బరినూనె రాయాలి.

వీడియోలో మూడుసార్లు కత్తి మార్చింది ఇందుకే. అంటు కత్తులు నా దగ్గర జత ఉన్నాయి, ఒకటి డబ్బాలో నానుతుంటే ఇంకోటి చేతిలో ఉంటుంది. తల్లిచెట్టు మారితే కత్తి మారాలి.

ఇది నా కొత్త తెలివేం కాదు. మా ఊరి గీత కార్మికుల నడుముకు ముస్తాదు చూడండి, ఒక్క కత్తితో తాడెక్కరు. మట్టలు కొట్టిన కత్తితో గెల గీయమంటే నవ్వుతారు. గెలను పలచగా, నున్నగా చెక్కాలి, ఆ కత్తి పదును వేరే. వాళ్లను మనం ఎప్పుడూ "ఇన్నెందుకు?" అని అడగలేదు మరి.

కొనాలనుకునేవాళ్లు నాలుగూ ఒకేసారి కొనకండి. ఇంట్లో ఉన్న పాత కత్తికి ఎర్ర టేపు చుట్టి రోగం కొమ్మలకు పెట్టేయండి, ఉన్న డబ్బులు మంచి అంటు కత్తి మీద పెట్టండి. ఒకవైపు పదును ఎలా పట్టాలో వచ్చే వీడియోలో చూపిస్తా. ఈలోపు పాత తోలు బెల్టు ఒకటి ఉంటే పారేయకండి, దానితో పని ఉంది.