పరిహారం ఎవరికి ముట్టింది? పన్ను ఎవరు కట్టారు?

బానిసత్వానికి నష్టపరిహారం ఇవ్వాలని కరీబియన్ దేశాలు అడిగినప్పుడల్లా బ్రిటన్‌లో వినిపించే జవాబు ఒకటే. ఎప్పుడో జరిగినదానికి నేటి పన్ను చెల్లింపుదారు ఎందుకు కట్టాలి? 2024 అక్టోబరులో సమోవాలో కామన్వెల్త్ సమావేశం జరిగినప్పుడు కూడా స్టార్మర్ ప్రభుత్వం పరిహారం ఇచ్చేది లేదని తేల్చేసింది. అయితే బ్రిటన్ పన్ను చెల్లింపుదారులు ఒకసారి పరిహారం కట్టారు. 2015 దాకా కడుతూనే ఉన్నారు. అది ముట్టింది బానిసలకు కాదు, యజమానులకు.

1833 చట్టం సుమారు 8 లక్షల మందిని బానిసత్వం నుంచి విడిపించి, 'ఆస్తి' పోయినందుకు యజమానులకు 2 కోట్ల పౌండ్లు మంజూరు చేసింది. ఆనాటి ప్రభుత్వ వార్షిక ఖర్చులో ఇది దాదాపు 40 శాతం. అందులో కోటిన్నర పౌండ్లు రోత్‌షీల్డ్, మాంటెఫియోరే బృందం దగ్గర అప్పు తెచ్చారు. తర్వాతి బాండ్లలో కలిసిపోయిన ఆ అప్పు 2015లో గానీ పూర్తిగా తీరలేదు. 2018లో బ్రిటన్ ఆర్థిక శాఖ ఈ సంగతిని ట్విట్టర్‌లో గొప్పగా చెప్పుకుని, విమర్శలు రాగానే తీసేసింది. అంటే జమైకా నుంచి వచ్చి లండన్‌లో బస్సులు నడిపినవాళ్లు కూడా తమ పూర్వీకులను కొన్నవాళ్ల బాకీ తీర్చారన్నమాట. విడుదలైనవాళ్లకు మాత్రం పైసా రాలేదు. పైగా 'అప్రెంటిస్' పేరుతో 1838 వరకు పాత యజమాని దగ్గరే ఎక్కువ గంటలు కూలి లేని చాకిరీ.

సామ్రాజ్యం వల్ల బ్రిటన్ బాగుపడిందని మనమూ అలవాటుగా అనేస్తాం. కానీ 'ఊరు బాగుపడింది' అంటే వాడ సంగతేమిటని అడిగేవాళ్లం కదా మనం. ఆ ప్రశ్న అక్కడా అడగాలి.

విముక్తి చట్టం అమల్లోకి వచ్చింది 1834 ఆగస్టు 1న. అదే నెల 14న కొత్త పేదల చట్టం వచ్చింది. పని చేయగల పేదవాడికి సాయం కావాలంటే వర్క్‌హౌస్‌లో చేరాలి. అక్కడ భార్య ఒకచోట, భర్త ఒకచోట, పిల్లలు ఇంకొకచోట. తోటల యజమానులకు 2 కోట్లు దొరికిన దేశంలో పేదల గంజికి పొదుపు పాఠాలు! అప్పటికి ఆదాయపు పన్ను లేదు, 1816లో ఎత్తేసింది 1842లో గానీ తిరిగి రాలేదు. ఖజానా నిండేది ఎక్కువగా టీ, పంచదార, పొగాకు, మద్యం మీద సుంకాలతోనే. పంచదారలోనైతే కూలివాడికి రెండు దెబ్బలు. దాని మీద పన్ను ఒకటి. కరీబియన్ తోటల సరుకుకు పోటీ రాకుండా బయటి పంచదారపై వేసిన భారీ సుంకం వల్ల పెరిగిన ధర మరొకటి.

బానిస వ్యాపారపు లాభాలు బ్రిటన్ పారిశ్రామిక విప్లవానికి పెట్టుబడి అయ్యాయని ఎరిక్ విలియమ్స్ 1944లోనే వాదించారు. సామ్రాజ్యం ఖర్చు మధ్యతరగతి పన్నుదారులదీ, లాభం పైవర్గాలదీ అని 1986లో డేవిస్, హటెన్‌బ్యాక్ లెక్కలు వేశారు. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయని కొందరంటారు. మాకు అలా అనిపించదు. దేశానికి పెట్టుబడి వచ్చింది, అది కొందరి చేతుల్లోకే వచ్చింది.

ఆ చేతుల్లో ఒకటి లివర్‌పూల్ వ్యాపారి జాన్ గ్లాడ్‌స్టన్‌ది. తర్వాత నాలుగుసార్లు ప్రధాని అయిన విలియం గ్లాడ్‌స్టన్ తండ్రి ఈయనే. 2,508 మంది బానిసలకు గాను 1,06,769 పౌండ్లు అందుకున్నాడు. బానిసలు పోతే పని ఎవరు చేస్తారు? కలకత్తాలోని ఒక కంపెనీకి ఉత్తరం రాశాడు. 1838 మేలో రెండు ఓడలు భారతీయ కూలీలను బ్రిటిష్ గయానాకు దింపాయి. వాళ్లలో చాలామంది చోటానాగపూర్ ఆదివాసులు. మారిషస్ తోటలకైతే ఈ వలస 1834లోనే మొదలైంది. మన కోరంగి రేవు నుంచీ జనం ఓడలెక్కారు.

ఈ లెక్క మనకు కొత్తేమీ కాదు. 1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం జమీందార్లకు పరిహారం ఇచ్చింది, రైతుకు పట్టా ఇచ్చింది. ఆ భూమి దున్నిన పాలేరు పేరిట పద్దే లేదు.

2023 ఆగస్టులో గ్లాడ్‌స్టన్ వారసులు గయానా వెళ్లి, బానిసత్వానికీ కూలీల వలసకూ క్షమాపణ చెప్పారు. అక్కడి విశ్వవిద్యాలయంలో పరిశోధనకు లక్ష పౌండ్లు ప్రకటించారు. సుమారు 190 ఏళ్ల కిందట ఆయన అందుకున్న మొత్తం కంటే అది 6,769 పౌండ్లు తక్కువ.