నిమ్ముకు రంగు మందు కాదు

గోడ మీద నల్లటి మచ్చలు కనబడితే మన ఇళ్లలో ముందుగా కబురు వెళ్లేది పెయింటర్‌కి. బూజు గీకేసి, పుట్టీ పెట్టి, రెండు కోటింగులు వేయిస్తే పని అయిపోయిందనుకుంటాం. మళ్లీ వానలు పడగానే అదే చోట రంగు ఉబ్బుతుంది. గోడలోకి నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయో ఎవరూ చూడలేదు మరి. ఈ అలవాటు ప్రాణాల మీదికి తెస్తుంది.

ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ దగ్గర రాచ్‌డేల్ అనే పట్టణం ఉంది. సూడాన్ నుంచి వచ్చిన కుటుంబమొకటి అక్కడ ఓ హౌసింగ్ సంస్థ ఫ్లాట్‌లో అద్దెకుండేది. గోడలు బూజు పడుతున్నాయని ఇంటిపెద్ద ఫైసల్ అబ్దుల్లా 2017లోనే చెప్పాడు. రంగు వేసుకోమన్నారు. వేసుకున్నాడు, బూజు పోలేదు. 2020 డిసెంబరులో ఆయన కొడుకు అవాబ్ ఇషాక్ రెండేళ్ల వయసులో చనిపోయాడు. చాలాకాలం ఆ బూజులో బతకడం వల్ల వచ్చిన తీవ్రమైన శ్వాసకోశ వ్యాధే అందుకు కారణమని 2022 నవంబరులో మరణాల కారణాలు విచారించే అధికారి (కరోనర్) జోవాన్ కియర్స్‌లీ తేల్చారు. ఆ కుటుంబం జీవనశైలి గురించి తాము ఏవేవో ఊహించుకున్నామని హౌసింగ్ సంస్థ తర్వాత ఒప్పుకుంది.

నన్ను బాగా కలచివేసింది ఆ ఊహే. మన ఊళ్లలోనూ అదే మాట వింటున్నాం: కిటికీలు తెరవరు, బట్టలు ఇంట్లోనే ఆరేస్తారు, నిమ్ము రాక ఏమవుతుంది? తడిబట్టల వల్ల, వంట ఆవిరి వల్ల గదిలో తేమ పెరిగే మాట నిజమే. గాలి ఆడకపోతే ఆ తేమ చల్లటి గోడ మీద నీరై దిగుతుంది. కానీ స్లాబులోంచి, పైపులోంచి కారే నీటికి అద్దెకున్నవాళ్లని తప్పుపట్టడం అన్యాయం. కారణం ఏదో పరీక్షించాకే నింద ఎవరి మీదైనా వేయాలి.

ఆ పరీక్ష బ్రహ్మవిద్యేం కాదు. చెమ్మ ఎక్కడుందో చూస్తేనే సగం తెలుస్తుంది. నేల నుంచి రెండు మూడు అడుగుల దాకా తెల్లటి ఉప్పు తేలి, ప్లాస్టరింగ్ పెచ్చులూడుతుంటే, నీరు పునాదిలోంచి పైకి పాకుతోందని అనుమానించాలి. సీలింగ్‌లో అయితే పై ఫ్లాట్ బాత్రూమ్ చూడాలి. చివరి అంతస్తయితే డాబా మీద పిట్టగోడా స్లాబూ కలిసే మూల చూడాలి. కిటికీ కింద చెమ్మ ఉంటే బయటి పగుళ్లు, ఏసీ దగ్గర ఉంటే డ్రెయిన్ పైపు. బీరువా వెనుక, అటక మీద బూజు కంటికి ఆనకముందే ముక్కిపోయిన వాసన వస్తుంది.

అడుగు చదరం పాలిథిన్ ముక్కని గోడకి నాలుగు వైపులా టేపుతో అంటించి ఒకటి రెండు రోజులు ఉంచండి. గోడ వైపు నీటిచుక్కలు పడితే తడి గోడలోది, గది వైపు పడితే గాలిలోది. బాత్రూమ్ డ్రెయిన్ మూసి 24 గంటలు నీళ్లు నిలిపితే కింది సీలింగ్ సంగతి బయటపడుతుంది. రాత్రి కుళాయిలన్నీ కట్టేసినా పొద్దుటికి వాటర్ మీటరు కదిలిందంటే ఎక్కడో పైపు కారుతున్నట్టే.

థర్మల్ కెమెరాతో వచ్చేవాళ్లూ ఉన్నారు. ఆ కెమెరా నీటిని చూడలేదు, ఉష్ణోగ్రతలో తేడాని మాత్రమే చూపిస్తుంది. గోడలో ఉప్పు ఉంటే మాయిశ్చర్ మీటరు కూడా ఉన్నదానికంటే ఎక్కువ తడి చూపించగలదు. అందుకని ఒక్క ఫొటో చూపి వాటర్ ప్రూఫింగ్ అంటగట్టేవాళ్లని నమ్మకండి. నీటి మూలం ఏదో కాగితం మీద రాసిచ్చినవాళ్లకే పని అప్పగించండి.

తొందరపడాల్సిన కారణమూ ఉంది. తడిసినది ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే బూజు మొదలవుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద నీళ్లు విజయవాడ సింగ్ నగర్‌లో రోజుల తరబడి నిలిచాయి. అలా నానిన ఇటుక గోడ పైకి ఆరినట్టు కనిపించినా లోపలి తడి నెలల పాటు ఉండగలదు. ఆరకముందే రంగు పూస్తే ఆ తడి బయటికి పోయే దారి మూసినట్టే. నిమ్ము, బూజు ఉన్న ఇళ్లలో ఉబ్బసం, శ్వాసకోశ ఇన్ఫెక్షన్లు పెరుగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే హెచ్చరించింది.

సొంత ఫ్లాటు కొన్నవాళ్లకి కొంత అండ ఉంది. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14(3) సెక్షన్ ప్రకారం, ఫ్లాటు అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణంలోనో పనితనంలోనో లోపం ఉందని చెబితే బిల్డరు 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. లీకేజీ కనబడగానే ఫొటోలు తీసి, ఈ సెక్షన్ పేర్కొంటూ ఉత్తరం రాయండి. నోటిమాటతో ఊరుకోవద్దు.

మన దగ్గర అద్దెకుండేవాళ్ల సంగతే దిక్కులేనిది. అవాబ్ పేరుతో ఇంగ్లండ్ తెచ్చిన చట్టం 2025 అక్టోబరు 27 నుంచి సోషల్ హౌసింగ్‌లో (హౌసింగ్ సంస్థలు అద్దెకిచ్చే ఇళ్లలో) అమల్లో ఉంది. ప్రమాదకరమైన నిమ్ము, బూజు గురించి తెలిశాక ఇల్లు అద్దెకిచ్చిన సంస్థ 10 పనిదినాల్లో తనిఖీ చేయాలి. ప్రమాదం నిజమని తేలితే మరో 5 పనిదినాల్లో దాన్ని తొలగించాలి. అత్యవసరమైతే 24 గంటలే గడువు. మన అద్దె ఒప్పందాల్లో అడ్వాన్సు, ఏటేటా పెంపు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కోత అన్నీ రాసుకుంటాం. నిమ్ము వస్తే ఎవరు, ఎన్నాళ్లలో కారణం వెతకాలో మాత్రం రాసుకోం.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఈ షరతుని ప్రతి అద్దె ఒప్పందంలో తప్పనిసరి చేయాలి. ఫిర్యాదు అందిన పది రోజుల్లో తనిఖీ, కారణం కాగితం మీద, మరమ్మతుకి గడువు. బిల్డర్లు బాత్రూములకీ డాబాకీ చేసిన నీటి పరీక్ష ఫలితాన్ని తాళాలతో పాటే ఇవ్వాలి. ప్రభుత్వం కదిలేదాకా ఆగక్కర్లేదు. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఈ షరతు రాయమని అడగండి. మంచి యజమాని కాదనడు. కాదన్నాడంటే ఆ ఇంటి గోడల సంగతి అందులో చేరకముందే మీకు తెలిసినట్టు.